డెబ్భై, నలభై మూడు, పన్నెండు

ఆ ఆదివారం ఉదయం కేశవరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. అటక మీది పాత కంప్యూటరు దించాలి, టీవీకి తగిలించాలి, క్యాసెట్టు పెట్టి ప్రోగ్రాం ఎక్కించాలి, పదకొండింటికి వచ్చే అతిథి ముందు దాన్ని నడిపించి చూపించాలి. ఢిల్లీ ద్వారకలోని ఆ హౌసింగ్ సొసైటీలో ఇంతకంటే నిరపాయమైన పథకం ఇంకెవరూ వేసి ఉండరు. ఫైరింజను రావాల్సినంత పని అందులో ఎక్కడా లేదు.

వంటింట్లో ఆయన భార్య సుభద్ర పెసరట్లకు అల్లం తరుగుతూ, ఎప్పటిలాగే అంకెలతో కూనిరాగం తీస్తోంది. "డెబ్భై, నలభై మూడు, పన్నెండు, అరవై ఆరు..." పెళ్లయిన కొత్తలో ఒకసారి ఇదేం పాటని అడిగితే "ఊరికే" అంది. బి.ఎస్సీ. లెక్కలు చదివిన మనిషి, అందరూ పాటలు పాడుకుంటే ఈవిడ అంకెలు పాడుకుంటుంది కాబోలని కేశవరావు సరిపెట్టుకున్నాడు. మళ్లీ అడగలేదు.

"ఏవండీ, ఇవాళ అది నడవకపోతే రేపు పాతసామాన్ల కబాడీవాడికే. నా ఆవకాయ జాడీలకు అటక మీద చోటు లేదు," అంది సుభద్ర.

"నడుస్తుంది సుభద్రా. నడవక ఏం చేస్తుంది?"

"ఇన్నేళ్లూ ఏం చేసిందో అదే చేస్తుంది. పడుకుంటుంది."

వచ్చే అతిథి పేరు రఘువీర్. కూతురు ఇషిత పనిచేసే గుర్‌గావ్ కంపెనీలో ఆమె మేనేజరు. పాత కంప్యూటర్లంటే అతనికి పిచ్చి. కేశవరావు దగ్గర ఒకటుందని, దాని మీద డబ్బు తీసుకుని రాసిన ప్రోగ్రాం కూడా ఉందని విని, అది నడిస్తే తమ ఆఫీసు లాబీలో అద్దాల పెట్టెలో పెట్టిస్తానన్నాడు. పక్కనే రాసినవారి పేరుతో చిన్న బోర్డు కూడా. కానీ నడవాలి. నడవని పెట్టెలు తన దగ్గర బోలెడున్నాయట.

"నాన్నా, ప్లీజ్. హీ ఈజ్ మై మేనేజర్. పనిచేయకపోతే ఇప్పుడే చెప్పేయండి," అంది ఇషిత ముందు రోజు ఫోన్లో. ఆ గొంతులో నమ్మకం మచ్చుకైనా లేదు.

అదే కేశవరావుకు గుచ్చుకుంది. ఉద్యోగంలో ఆయన రాసిన ప్రోగ్రాములన్నీ కొత్తవి రాగానే ఒక్కొక్కటీ తీసి అవతల పారేశారు. ఇదీ నాది అని చూపించడానికి ఆయనకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టే. కూతురు దాన్ని చూసి ఒక్కసారి "వావ్" అంటే చాలు, బోర్డు లేకపోయినా ఫరవాలేదని ఆయన లోలోపల అనుకుంటున్నాడు. బోర్డు ఉంటే మరీ మంచిదని కూడా అనుకుంటున్నాడు.

ఆ ప్రోగ్రాం కథ ఆయన పెళ్లిళ్లలో చెప్పాడు, రైళ్లలో చెప్పాడు, పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి పెట్టుకుని కూడా చెప్పబోయాడు. పెళ్లికాని రోజుల్లో మునిర్కాలో అద్దెగదిలో ఉండేవాడు. లండన్ నుంచి తిరిగొచ్చిన ఒక ఆఫీసరు దగ్గర ఆ కంప్యూటరు కొన్నాడు. చంకలో పట్టేంత నల్లటి పలక, దాని మీద రబ్బరు మీటలు. దానికి సొంత తెర లేదు, టీవీకి తగిలించాలి. సొంత జ్ఞాపకం కూడా లేదు, స్విచ్ ఆపితే సమస్తం మరిచిపోతుంది. అందుకని ప్రోగ్రాంను చప్పుడుగా మార్చి మామూలు పాటల క్యాసెట్టులో దాచుకోవాలి. కావాల్సినప్పుడు టేపురికార్డరులో పెట్టి ఆ చప్పుడు వినిపిస్తే కంప్యూటరుకు మళ్లీ అన్నీ గుర్తొస్తాయి.

అప్పట్లో అక్కడి తెలుగువాళ్ల సంఘంలో పండగలకు తంబోలా ఆడేవారు, పిలిచిన నంబరు తమ టికెట్టు మీద ఉంటే కొట్టుకుంటూ పోయే ఆట. ఒక సంవత్సరం చీటీలు తీసినాయన నంబర్లన్నీ తన బామ్మర్దికి కలిసొచ్చేలా తీశాడని పెద్ద గొడవైంది. దాంతో సంఘం కార్యదర్శి బామ్మర్దులు లేని యంత్రం కోసం వెతుకుతూ కేశవరావు దగ్గరికొచ్చాడు. కేశవరావు రెండు వారాలు తిండి మానేసి తంబోలా ప్రోగ్రాం రాశాడు. కవరులో డబ్బు పెట్టి ఇచ్చారు, అశోకా రోడ్డులో కడుపునిండా తెలుగు భోజనం కూడా పెట్టించారు. జీవితంలో ఆయన మొదటి సంపాదన అది.

పెళ్లి కూడా దాని చలవే. దీపావళి తంబోలాలో అందరికంటే ముందే టికెట్టు మొత్తం నింపి, ఫుల్ హౌస్ కొట్టి ప్రెషర్ కుక్కరు గెలుచుకున్న అమ్మాయే సంక్రాంతికి మిక్సీ కూడా గెలుచుకుంది. తెనాలి నుంచి వచ్చి ఉన్న కేశవరావు తల్లి అది కళ్లారా చూసింది. "ఆ పిల్ల చేతిలో లక్ష్మీకళ ఉందిరా" అని అక్కడికక్కడే నిశ్చయం చేసేసింది. ఆ పిల్లే సుభద్ర.

ఇంట్లో గోడకున్న కొత్త టీవీ ఈ పాత చుట్టాన్ని గుర్తుపట్టలేదు. ఎన్నిసార్లు వెతికించినా "నో సిగ్నల్" అనే అంది. టేపురికార్డరు ఎప్పుడో చచ్చిపోయింది. పాత టీవీ, టేపురికార్డరు రెండూ సొసైటీ మొత్తంలో ఒక్కచోటే ఉన్నాయి, కమ్యూనిటీ హాల్లో, భజన మండలి వాళ్ల మూల. తాళం రాజేశ్వరమ్మగారి దగ్గరుంటుంది. ఆవిడ మండలికి పెద్ద దిక్కు, బాపట్ల మనిషి.

"తీసుకో నాయనా, దానికేం భాగ్యం!" అని ఆవిడ తాళం చేతిలో పెట్టింది. "టీవీ మీద దేవుడి పటాలున్నాయి, భద్రంగా దించు. ఆ టేపురికార్డరు వెనక వైర్లున్నాయి చూడు, వాటి జోలికి మాత్రం పోమాక. చడ్డాగారు పెట్టించినయ్యి. ముట్టుకుంటే మీద పడి అరుస్తాడు."

చడ్డా సొసైటీ ప్రెసిడెంటు. ఆ వైర్లు ఎక్కడికెళ్తాయో రాజేశ్వరమ్మ చెప్పలేదు, కేశవరావు అడగలేదు. అవి అన్ని టవర్లలోనూ మెట్ల దగ్గర బిగించిన స్పీకర్లకు వెళ్తాయి. పొద్దున పూట వాటిలో భజనలు వస్తాయి. ఎక్కడైనా నిప్పంటుకుంటే సైరన్ మోగాల్సింది కూడా వాటిలోనే. అంత డబ్బు తగలేసి ఆ సైరన్ పెట్టించినందుకు చడ్డా మీద మీటింగులో అందరూ దుమ్మెత్తిపోశారు. అది ఎలా మోగుతుందో ఇంతవరకూ ఎవరూ వినలేదు.

కేశవరావు వైర్ల జోలికి పోలేదు. పెద్దావిడ మాట తూచా తప్పకుండా పాటించి, పక్కనున్న ఖాళీ రంధ్రంలో తన వైరు పెట్టుకున్నాడు. ఫోను దగ్గరుంటే టేపు పాడవుతుందేమోనని దాన్ని ఇంట్లో సుభద్రకే ఇచ్చొచ్చాడు. ఎవరైనా వచ్చి కదిలిస్తారని లోపల గడియ పెట్టాడు. పాత టీవీ చెవి మెలేస్తే తెర మీద బూడిదరంగు వెలుగు వచ్చింది. కంప్యూటరు మేలుకుంది. క్యాసెట్టు పెట్టి మీట నొక్కాడు.

కీచుమంటూ మొదలై, గరగరమంటూ సాగి, కొంతసేపటికి ఆగింది. తెర మీద "లోడింగ్ ఎర్రర్" అని పడింది. టేపు గొంతు చాలకపోతే కంప్యూటరుకు సరిగ్గా వినపడదు, అలాంటప్పుడు వాల్యూం పెంచాలి. ఆ కాలపు ప్రోగ్రామర్లలో ఇది తెలియనివాడు లేడు. కేశవరావు పెంచాడు. మళ్లీ ఎర్రర్. ఇంకా పెంచాడు. మళ్లీ ఎర్రర్. ఈసారి చివరికంటా తిప్పేశాడు.

రేకును రంపంతో కోస్తున్నట్టు చప్పుడు లేచింది. హాల్లోనే కాదు, బయట నాలుగు దిక్కుల నుంచీ వినిపించింది. ఇన్నేళ్ల తర్వాత విన్నందువల్ల తన మనసు నిండిపోయి అలా అనిపిస్తోందనుకున్నాడు కేశవరావు. కళ్లు మూసుకుని తలాడిస్తూ విన్నాడు.

కళ్లు తెరిచి కిటికీలోంచి చూస్తే జనం! ఒకాయన సగం గడ్డం నురగతోనే దిగొచ్చాడు. ఒకావిడ చంకలో కుక్కపిల్ల, చేతిలో నగల డబ్బా. నైటీల మీద చున్నీలు, లుంగీల మీద కోట్లు, మెట్ల నిండా మనుషులు, అందరూ హాలు వైపే చూస్తున్నారు. కేశవరావుకు ఒళ్లు పులకరించింది. ఇషితకు నమ్మకం లేదనుకున్నాడు గానీ, పిల్ల సొసైటీ అంతా చాటి చెప్పినట్టుందే!

తలుపు దబదబ బాదారు. "రావ్ సాబ్! అందర్ ఆప్ హై?" లోపలున్నది మీరేనా అని చడ్డా గొంతు.

"హా జీ! మై హూ!"

"జల్దీ దర్వాజా ఖోలియే!" త్వరగా తలుపు తీయమంటున్నాడు చడ్డా.

"అభీ నహీ!" ఇప్పుడే కాదని అరిచాడు కేశవరావు, టేపురికార్డరును రెండు చేతులతో పొదివి పట్టుకుని. "బీచ్ మే రోకేంగే తో సబ్ ఖతమ్!"

మధ్యలో ఆపితే సర్వనాశనమట! బయట చడ్డా మొహం పాలిపోయింది. సైరన్ డబ్బా ఉన్నది ఆ హాల్లోనే కదా. నిప్పెక్కడో కనిపెట్టి, ప్రాణాలకు తెగించి, రావ్ సాబ్ ఒక్కడే లోపల పోరాడుతున్నాడని ఆయనకు అర్థమైంది. ఆ సంగతి జనానికి చెప్పాడు. ముందు వరుస వాళ్లు వెనక వరుసకు చెప్పారు. వెనక వరుసకు చేరేసరికి లోపల గ్యాసు పైపు పగిలింది, కేశవరావు దాన్ని అరచేత్తో మూసి పట్టుకున్నాడు. ఎవరో ఫైరింజనుకు ఫోన్ చేశారు.

అప్పుడే ఇషిత, రఘువీర్ గేటు దగ్గర క్యాబ్ దిగారు. నలుగురు ఆంటీలు ఆమెను చుట్టుముట్టి ఒకేసారి ఏడవడం మొదలుపెట్టారు. విషయం తెలిసి ఆ పిల్ల జనాన్ని తోసుకుంటూ వచ్చి తలుపు మీద పడింది.

"నాన్నా! బయటికి వచ్చేయండి నాన్నా! ప్లీజ్!"

"వచ్చేశావా అమ్మా! రఘువీర్ గారిని నీడలో కూర్చోబెట్టు. కొంచెమే మిగిలింది!"

"నాకేం వద్దు నాన్నా! ఐ లవ్ యూ నాన్నా! మీరు వచ్చేయండి!"

కేశవరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. పదో తరగతి తర్వాత కూతురు ఆ మాట అనడం ఇదే. ఒక్క క్యాసెట్టుకు ఇంత ప్రేమ పుట్టుకొస్తుందని తెలిస్తే ఎప్పుడో అటక మీంచి దించేవాణ్ణి కదా అనుకున్నాడు.

చప్పుడు టక్కున ఆగింది. లోపల తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి. తంబోలా, దాని కింద కేశవరావు పేరు, ఆ కింద మునిర్కా.

ఆయన గడియ తీశాడు. చప్పట్లు మిన్నంటాయి. చడ్డా వచ్చి గట్టిగా వాటేసుకున్నాడు. రాజేశ్వరమ్మ దేవుడి కోసం తెచ్చిన బంతిపూల దండ ఆయన మెడలో వేసింది. ఇషిత ఆయన భుజం మీద వాలి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆప్‌నే సబ్‌కో బచా లియా!" అందరినీ మీరే కాపాడారన్నాడు చడ్డా.

"అరే, ఛోటా సా ప్రోగ్రాం హై జీ," చిన్న ప్రోగ్రామే కదా అన్నాడు కేశవరావు సిగ్గుపడుతూ. ఆ వినయం చూసి జనం మరోసారి చప్పట్లు కొట్టారు.

ఫైరింజను వచ్చింది. చడ్డా ఎదురెళ్లి, ప్రమాదం తప్పిందని, తన సైరన్ మొట్టమొదటిసారే అద్భుతంగా పనిచేసిందని, దాన్ని అనవసరమన్నవాళ్లు ఇప్పుడేమంటారని గట్టిగా అడిగాడు. ఫైరు వాళ్లు పొగ కోసం టవర్లన్నీ గాలించి, దొరక్క, హాల్లోకి వచ్చి మంచినీళ్లు అడిగారు. అప్పటికి అక్కడ గండం గడిచిన సంబరం నడుస్తోంది. రావ్ సాబ్ తంబోలా ఆడిద్దామంటున్నాడు. ప్రాణాలు కాపాడినవాడు అడిగితే ఎవరు కాదంటారు? రాజేశ్వరమ్మ బీరువాలోంచి టికెట్ల కట్ట తీసింది. ఫుల్ హౌస్‌కు మండలి తరఫున స్టీలు క్యారేజీ ఇస్తానంది.

సుభద్ర అప్పుడే వచ్చింది, చేతిలో అట్లకాడతో. ఆ చప్పుడు క్యాసెట్టుదని గుర్తుపట్టి అట్లు ముగించుకునే దిగింది. ఏమైందో కనుక్కునేలోపు టీవీ మీద తంబోలా కనబడింది. కళ్లు ఒక్కసారి తళుక్కుమన్నాయి.

"టికెట్లు నేను పంచుతాలెండి," అని అట్లకాడ పక్కన పెట్టింది.

పంచుతూ పంచుతూ, ఒక టికెట్టు తీసి, చూసి, మళ్లీ పెట్టి, ఇంకోటి తీసి, చివరికి ఒకటి తన కోసం ఉంచుకుంది. అది ఎవరూ గమనించలేదు. కేశవరావు మీట నొక్కాడు. టీవీ బీప్ మని ఒక్కో నంబరూ వేయడం మొదలుపెట్టింది. ఫైరాఫీసరు హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని దాని మీద టికెట్టు పరిచి నంబర్లు కొట్టుకుంటున్నాడు. ఆట సగమైనా కాకముందే సుభద్ర చెయ్యెత్తింది. ఫుల్ హౌస్!

"చూశావా అమ్మా, లక్ష్మీకళ!" అన్నాడు కేశవరావు కూతురితో గర్వంగా.

ఇషిత ఆట మొదటి నుంచీ తల్లి పక్కనే కూర్చుంది. నాలుగో నంబరు పడేసరికే తల్లి టికెట్టు మొత్తం కొట్టేసి కిటికీలోంచి కాకుల్ని చూస్తూ కూర్చోవడం చూసింది. అమ్మా, ఇంకా రాని నంబర్లు కొట్టేశావేంటని అడిగితే "వస్తాయిలే" అంది. నిజంగానే వచ్చాయి.

ఇషిత రఘువీర్ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ ప్రోగ్రాములు రాసేవాళ్లే, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంకుల్," అన్నాడు రఘువీర్ మర్యాదగా, "ఒక్కసారి పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ లోడ్ చేస్తారా?"

"అయ్యో, ఎన్నిసార్లయినా!" కేశవరావు మురిసిపోయాడు. స్విచ్ ఆపాడు, వేశాడు, క్యాసెట్టు వెనక్కి తిప్పాడు, మీట నొక్కాడు.

అన్ని టవర్ల మెట్ల మీద నుంచీ రంపం మళ్లీ రేకును కోసింది. ఫైరాఫీసరు హెల్మెట్ పెట్టుకుని లేచాడు. కుక్కపిల్లావిడ తలుపు వైపు పరిగెత్తింది. కానీ ఈసారి అందరూ హాల్లోనే ఉన్నారు. కేశవరావు చేయి టేపురికార్డరు మీద ఉండటం అందరూ చూశారు. చడ్డా చూపు టేపురికార్డరు మీద నుంచి వైరు మీదికి, వైరు వెంబడి గోడ మీది సైరన్ డబ్బా దాకా మెల్లగా వెళ్లింది. ఆయన లేచి వచ్చి, కేశవరావు మెడలోని దండ తీసి దేవుడి పటానికి వేశాడు.

"రావ్ సాబ్. బంద్ కీజియే."

"బీచ్ మే రోకేంగే తో..." అంటూ ఆగిపోయాడు కేశవరావు. పొద్దుటి నుంచీ జరిగినదంతా ఆయనకు కూడా అప్పుడే, చప్పుడుతో పాటు, లోపలికి ఎక్కింది. ఆ చప్పట్లు ప్రోగ్రాంకు కాదు. ఆ ఐ లవ్ యూ క్యాసెట్టుకు కాదు. ఎక్కడైనా దాక్కుందామంటే హాల్లో ఒక్క మూలే ఉంది, అక్కడ టీవీ ఉంది.

టీవీ బీప్ మంది. లోడింగ్ పూర్తయింది.

"అమ్మా," అంది ఇషిత, "మొదటి నంబరేంటి?"

సుభద్ర భర్త మొహం చూసింది. పాపం అనిపించింది. అయినా లెక్కలు చదివిన మనిషి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండలేకపోయింది.

"డెబ్భై."

తెర మీద డెబ్భై పడింది.

"నలభై మూడు." పడింది. "పన్నెండు." పడింది.

"అమ్మో, సుభద్రకి పూనకం వచ్చిందర్రా!" అని రాజేశ్వరమ్మ చేతులు జోడించింది.

కేశవరావుకు మాత్రం అది పూనకంలా వినిపించలేదు. రోజూ పొద్దున్నే వంటింట్లోంచి వచ్చే కూనిరాగంలా వినిపించింది.

"నాన్నా," అంది ఇషిత నెమ్మదిగా, "మీ నంబర్లు ఎలా పడితే అలా రావట్లేదు. ఈ మెషీన్ స్విచ్ వేసిన ప్రతిసారీ అదే వరస ఇస్తుంది. ప్రతిసారీ వరస మార్చమని మొదట్లో ఒక్క లైను రాయాలి. ఆ లైను మీరు రాయలేదు."

కేశవరావు భార్య వైపు తిరిగాడు. "ప్రెషర్ కుక్కరు?"

"అదీ."

"మిక్సీ?"

"అదీ. ఉగాదికి విన్న నంబర్లే దీపావళికీ మొదలయ్యాయి. పాటలాగా కట్టుకున్నాను. టికెట్లు పంచే పని ఎలాగూ నాదే."

"మా అమ్మేమో నీ చేతిలో లక్ష్మీకళ ఉందని..."

"పెళ్లిచూపుల్లో అత్తయ్యకేం చెప్పమంటారు? మీ అబ్బాయి రాసినదాంట్లో తప్పుందనా?"

"తర్వాత నాకైనా చెప్పొచ్చుగా!"

"చెప్తే దిద్దేస్తారు. ఆ ఉగాదికి ఫ్రిజ్ పెడతామన్నారు." సుభద్ర నిట్టూర్చింది. "మీకు ఉద్యోగం వచ్చి ఆ ఏడే మానేశారు. ఫ్రిజ్ ఎవరో తీసుకుపోయారు."

ముందుగా నవ్వింది ఫైరాఫీసరు. ఎవరో తర్జుమా చేసి చెప్పినట్టున్నారు. తర్వాత హాలంతా నవ్వింది. "వావ్!" అంది ఇషిత, కళ్లు తుడుచుకుంటూ. "వావ్, అమ్మా!" కేశవరావు జీవితమంతా ఎదురుచూసిన మాట కళ్ల ముందే వచ్చి పక్కవాళ్లింటికి వెళ్లిపోయింది. ఆయన మొహం చూసి ఇషిత వచ్చి చేయి పట్టుకుంది.

"ఆ ఒక్క లైను మీరు రాసుంటే నాన్నా, నేను పుట్టేదాన్నే కాదు."

ఆ సంగతి కేశవరావుకు అంతవరకూ తట్టలేదు. తట్టాక గుండె కాస్త కుదుటపడింది. తప్పు రాసినా మరీ అంత చెడ్డ తప్పేమీ రాయలేదనిపించింది.

"అంకుల్, తప్పుల్లేని ప్రోగ్రాం మా ఆఫీసులో ఒక్కటీ లేదు," అన్నాడు రఘువీర్. "తప్పు వల్ల పెళ్లయిన ప్రోగ్రాం మాత్రం ఇదొక్కటే. ఇవాళే తీసుకెళ్తాను. మా టెస్టింగ్ వాళ్లకు ఆంటీ వచ్చి ఒక గంట మాట్లాడాలి. మీరు కూడా రండి అంకుల్, టేపురికార్డరు పట్టుకోవడానికి ఎవరైనా ఉండాలి."

చడ్డా చాలాసేపు ఆలోచించాడు. జరిగింది జరిగినట్టు చెబితే సైరన్ పరువు పోతుంది. మధ్యాహ్నానికి సొసైటీ గ్రూపులో మెసేజి వచ్చింది. మాక్ డ్రిల్ విజయవంతం, నివాసులు ఎంతో క్రమశిక్షణతో కిందికి దిగారు, శ్రీ రావుగారి సహకారానికి కృతజ్ఞతలు. తంబోలా టేపు హాల్లోకి మళ్లీ తేకూడదన్న మాట ఆ కింద విడిగా ఉంది.

బోర్డు మీద ఏం రాయాలో రఘువీర్ వెళ్లేముందే తేల్చుకున్నారు. రాసినవారు కేశవరావు. తప్పు పట్టినవారు సుభద్ర. రెండు పేర్లూ ఒకే సైజులో ఉండాలని కేశవరావే పట్టుబట్టాడు, రఘువీర్ సుభద్ర పేరు పెద్దదిగా వేద్దామన్నాడు కాబట్టి.

మధ్యాహ్నం భోజనాల వేళకు అటక మీద ఆవకాయ జాడీలు వరసగా కొలువుదీరాయి. సుభద్ర పప్పుకు కుక్కరు పెట్టి, అలవాటుగా డెబ్భై అని మొదలుపెట్టింది. నలభై మూడు అని కేశవరావు ముందుగదిలోంచి అందుకున్నాడు. దీపావళి నాటి కుక్కరే అది, ఎన్నో రబ్బర్లు మార్చుకుంటూ ఇంకా బతికే ఉంది. కాసేపటికి ఒళ్లంతా వణికి గట్టిగా కూత పెట్టింది. ఆ కూతకు మాత్రం సొసైటీలో ఎవరూ మెట్లు దిగలేదు.